మధ్యాహ్నం పూట మా డాక్టరమ్మ

మా ఆయనతో కాపురమంటే రోజూ పరీక్ష రాయడమే. పాలు చిక్కగా ఉంటే ఏం కలిపారంటారు, పలచగా ఉంటే ఏం తీశారంటారు. వైద్య కళాశాలలో పెద్ద ప్రొఫెసరు. రోగి మాట నమ్మరు, రక్తపరీక్ష చెబితేనే నమ్ముతారు.

అలాంటి మనిషి నెత్తిన కాలేజీలో కొత్త చదువు పద్ధతొకటి వచ్చి పడింది. ఆఖరి ఏడాది పిల్లలు కొన్ని నెలలు పల్లె ఆసుపత్రిలో ఉండాలి, మధ్యాహ్నాలు రోగుల ఇళ్లకు వెళ్లాలి. మొదటి జట్టులోనే మా అమ్మాయి వెళ్లింది. ఈ పద్ధతి ఉంచాలా, ఎత్తేయాలా అన్నది ఈయన మాట మీదే ఉంది.

"ఇళ్లకెళ్లి ఏం చేస్తారు, కబుర్లా?" అనేవారు. మధ్యాహ్నం ఫోను చేస్తే అమ్మాయి ఎత్తదు. ఎత్తినా, "తర్వాత చేస్తా నాన్నా" అని గుసగుస. అనుమానం అంటువ్యాధి, నాకూ సోకింది. చెప్పాపెట్టకుండా బయల్దేరాం.

ఆసుపత్రిలో అమ్మాయి కుర్చీ ఖాళీ.

"చూశావా!" అన్నారీయన, నిధి దొరికినట్టు.

నర్సు చూపించిన రేకుల ఇంటికి వెళ్తే, మా డాక్టరమ్మ వంటగదిలో ఓ పెద్దావిడ పక్కన చతికిలబడి ఇసుక తడుపుతోంది.

"బొమ్మరిల్లు కడుతున్నావా?"

"ఈ పెద్దమ్మ మీ పేషెంటే నాన్నా."

ఈయన ఆవిడను గుర్తుపట్టారు. "షుగరు దిగడం లేదని వచ్చినప్పుడల్లా ఇన్సులిన్ పెంచాను. అసలు వేసుకుంటేగా! అబద్ధాలు చెబుతుంది."

"వేసుకుంటోంది. పక్కన కూర్చుని చూశా. సీసా ఎక్కడ పెట్టేదో చూడండి."

పొయ్యి పైన గూడు. చీమలు పట్టకుండానట. చెయ్యి పెట్టి చూశాను, పెనాన్ని తాకినట్టుంది.

"ఆ వేడికి మందు ఎప్పుడో చచ్చిపోయింది. ఫ్రిజ్ లేదు. అందుకే కొత్త సీసా ఈ చిన్న కుండలో, చుట్టూ తడి ఇసుక. మోతాదు కూడా ఇక్కడి డాక్టరుగారు తగ్గించారు. మంచి మందు మీరు రాసినంత వేస్తే ఈవిడ కళ్లు తిరిగి పడిపోతుంది."

ఈయన కుండలో చెయ్యి పెట్టి చూశారు. చల్లగానే ఉన్నట్టుంది, పెద్దావిడ వైపు తిరిగారు.

"ఫ్రిజ్ లేదని నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు కదా బాబూ. మందు వేసుకుంటున్నావా అన్నారు, వేసుకుంటున్నా అన్నాను. మీకు కోపమొచ్చింది."

ఈయన ఇసుక అంటిన చెయ్యి దులుపుకోవడం కూడా మరిచిపోయి పీట మీద కూలబడ్డారు. ఎదురుప్రశ్న కోసం కాచుకుని కూర్చున్నాను.

"నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా," అన్నారు చివరికి, అందరికీ వినబడేలా. "తప్పు నాది. ఈ ఇళ్లకెళ్లే చదువు విషయంలోనూ నాదే తప్పు."