గంగాళం మీది సొట్ట

మా మ్యూజియంలో నాకో కుర్చీ ఉంది. అద్దకం గదిలో, కిటికీ పక్కన. నేను రిటైరై ఆరేళ్ళయింది. అయినా మా ఆఫీసరు మేడమ్ ఏటేటా ఒక ఉత్తరం మీద సంతకం పెట్టి నన్ను ఆ కుర్చీలోనే ఉంచుతున్నారు. పెద్ద పనేం లేదు, వచ్చినవాళ్ళకు వస్తువులు చూపించి నాలుగు మాటలు చెప్పడమే. నాలుగన్నాను గాని, నా నోరు నాలుగు మాటలతో ఆగిన రోజు సూర్యుడు పడమట పొడుస్తాడు.

ఈ ఏటి ఉత్తరం మీద సంతకం ఇంకా పడకముందే బడి పిల్లలు ముగ్గురు దిగారు. మూడు వారాలు మా దగ్గరుండి వీడియోలు తీయడం, మాటలు రికార్డు చేయడం నేర్చుకుంటారట. డిజిటల్ మీడియా అప్రెంటిస్‌లు అన్నారు మేడమ్. నాకు నోరు తిరగలేదు. చేసే పనిని బట్టి కెమెరా, మైకు, ఎడిటింగు అని పేర్లు పెట్టేశాను. మొదటివాడు కుదురులేనివాడు, మూడోవాడు మాట్లాడనివాడు. మధ్యలో మైకు తొమ్మిదో తరగతి పిల్ల. చెవులకు రెండు డిప్పలు తగిలించుకుని, నేను గుటక వేసినా విని రాసుకునేది.

ఒక వస్తువు ఎంచుకుని రెండు నిమిషాల వీడియో చేయాలి, ఆఖరి శుక్రవారం తల్లిదండ్రుల ముందు వేయాలి. అదీ వాళ్ళ పని. వాళ్ళ కన్ను రాగి గంగాళం మీద పడింది. పూర్వం నూలు రంగులు ఉడికించిన గంగాళం అది. ఇద్దరు పిల్లలు అందులో కూర్చుని దాగుడుమూతలు ఆడొచ్చు. దాని పొట్ట మీద గుమ్మడికాయంత సొట్ట.

"ఈ సొట్టేంటి తాతా?" అంది మైకు.

అడక్క అడక్క నన్నే అడిగిందా!

"ఏనుగు తన్నింది. దాహమేసి అద్దకంవాళ్ళ వాకిట్లోకొచ్చి గంగాళంలో తొండం పెట్టింది. నీళ్ళనుకుంది పాపం, నీలిరంగు! తొండం నీలం, చెవులు నీలం. ఒక్క తుమ్ము తుమ్మితే మూడు వీధుల్లో ఆరేసిన బట్టలన్నీ నీలమైపోయాయి. ఆ వారమంతా బడికెళ్ళే పిల్లలూ, పాఠం చెప్పే పంతులూ ఒకే రంగు. ఎవరెవరో తెలీక పంతులే బెంచీ ఎక్కి నిలబడ్డాడు. సిగ్గేసి, కోపమొచ్చి, ఏనుగు గంగాళాన్ని ఒక్క తన్ను తన్నింది."

కెమెరా పడీపడీ నవ్వాడు. ఎడిటింగు కూడా పళ్ళు కనబడనిచ్చాడు. పాతికేళ్ళుగా చెబుతున్న కథ, ఒక్కరోజూ గురి తప్పలేదు.

రెండో వారం గంగాళం చుట్టూ తిరిగి నూటఇరవై ఫొటోలు తీశారు. వాటిని కలిపితే ఫోన్లో గంగాళం బొంగరంలా తిరుగుతుందట. పాత ఫొటో కూడా కావాలని మేడమ్‌ని అడిగి గంగాళం కార్డు తెచ్చుకున్నారు. మా దగ్గర ప్రతి వస్తువుకూ ఒక కార్డుంటుంది: ఎప్పుడొచ్చింది, ఎవరిచ్చారు, ఎక్కడ చెడింది, ఎవరి చేతిలో చెడింది. ఫొటోలు అంటించి ఉంటాయి.

మైకు కార్డు పట్టుకుని నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"తాతా, ఇవి గంగాళం మ్యూజియానికి వచ్చిన రోజు తీసిన ఫొటోలు. నాలుగు వైపులా తీశారు. సొట్ట లేదు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"అయితే ఏనుగు ఇక్కడికే వచ్చి తన్నిందా? టికెట్టు తీసుకుందా?"

"ఏనుగులకు సగం టికెట్టే," అన్నాను. మాట వచ్చింది గాని నవ్వు రాలేదు. ఆ పిల్లకూ రాలేదు. "కార్డులో లేనిది వీడియోలో పెట్టొద్దన్నారు మేడమ్," అని వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. ఆవిడకు మొదట్నించీ తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గంగాళాన్ని సామాన్ల గదినుంచి ఇద్దరం మోసుకురావాల్సింది. రెండోవాడు వచ్చేదాకా ఆగలేక, బండిచక్రంలా ఒక్కణ్ణే దొర్లించుకొచ్చాను. మూడు మెట్లుంటాయి. నేను మొదటి మెట్టు మీదుంటే అది కింద ఉంది! సొట్టను గోడవైపు తిప్పి ఊరుకున్నాను. ఒక బుడతడు గోడ సందులో దూరి చూసి అడిగేసరికి ఏనుగు పుట్టింది. కథ బాగుందని అప్పటి ఆఫీసరే సొట్టను ముందుకు తిప్పించాడు!

"నీకంటే ఆ ఏనుగే నయం. తన్ని పారిపోయింది. నువ్వు అక్కడే కుర్చీ వేసుక్కూర్చున్నావు," అంది మా ఆవిడ.

"చెబితే కుర్చీ పోతుందే."

"పోతే ఇంట్లో పీట ఉంది. ఆ పిల్ల ముందు తల దించుక్కూర్చుంటే ఏ కుర్చీ అయితేనేం?"

మర్నాడు నేనే మైకును పిలిచాను. "ఆన్ చెయ్యి," అన్నాను. మెట్లతో సహా అంతా చెప్పాను. పిల్ల డిప్పలు తీసి, "తాతా, ఇది మేడమ్ వింటారు," అంది. "వినాలనే చెప్పాను," అన్నాను.

ఆఖరి శుక్రవారం పొద్దున మేడమ్ వీడియో చూశారు. ముందు బొమ్మలు కదిలే ఏనుగు కథ, తర్వాత నేను చెప్పిన నిజం. బల్లమీద నా ఉత్తరం ఉంది, సంతకం చోటు ఖాళీగా.

"కార్డు తీసుకురామ్మా," అన్నారు మేడమ్ మైకుతో. కార్డు నా ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. "రాయండి తాతగారూ. ఎప్పుడు, ఎలా, ఎవరి చేతిలో."

పల్లెటూరి బళ్ళో ఇసుకలో దిద్దిన అక్షరాలు నావి. ఒక్కోటి గంగాళమంత రాశాను. రెండు వరుసలకే గడి నిండిపోయింది.

"పాతికేళ్ళ తర్వాత రాసినందుకు నాకు కోపంగానే ఉంది," అన్నారు మేడమ్. "ఇకమీదట ఒక్కరే ఏదీ ఎత్తకండి." ఉత్తరం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. తర్వాత పిల్లలవైపు తిరిగి, "ఏనుగును తీసెయ్యకండి. పైన 'కథ' అని రాయండి," అన్నారు.

ఎడిటింగు మూడు వారాల్లో మొదటిసారి నోరు విప్పాడు: "అమ్మయ్య. ఆ తుమ్ముకే నాకు రెండ్రోజులు పట్టింది."

ఇప్పుడు గంగాళం పక్కన తెర మీద రెండు గుర్తులున్నాయి, ఒకటి కథ, ఒకటి నిజం. నిన్నొక చిన్నది రెండూ నొక్కి చూసి నా దగ్గరికొచ్చింది.

"తాతా, అయితే ఏనుగు అబద్ధమా?"

"ఛ! ఏనుగు వచ్చింది, రంగు తాగింది, తుమ్మింది," అన్నాను. "తన్నడం ఒక్కటే నేను."