నిలవని కాళ్ళు

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆ ఇంట్లో ముగ్గురూ టీవీ ముందు చేరేవారు. సెలూన్ నడిపే ఇంటాయన కుర్చీలో వాలేవాడు. కూతురు నేలమీద బోర్లా పడుకునేది. ఇల్లాలు మాత్రం కూర్చున్న కాసేపటికే లేచి, ఆ మూల నుంచి ఈ మూలకు తిరగడం మొదలుపెట్టేది.

"కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? మా షాపులో పసిపిల్లలు కూడా ఇంతకంటే బుద్ధిగా కూర్చుంటారు" అనేవాడు భర్త.

కూతురు నవ్వేది. ఆమె కూడా నవ్వేసేది. ఇలాంటి నవ్వులు మన ఇళ్ళలోనూ వినిపిస్తాయి. వాటి వెనక ఏముందో మనం అడగం.

ఆమె చెప్పకపోలేదు. "మోకాళ్ళ కింద, ఎముక లోపలెక్కడో పురుగులు పాకినట్టుంటుందండీ. నొప్పీ కాదు, దురదా కాదు. కదిపితే పోతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది" అని ఎన్నోసార్లు మొత్తుకుంది. ఆయన ఆమె కాళ్ళు వెలుతురులోకి లాగి చూశాడు. వాపు లేదు, మచ్చ లేదు. "కంటికి కనబడని జబ్బేంటి? పని ఎగ్గొట్టడానికి వంక" అని తేల్చేశాడు. ఆమె గుండీలు కుట్టే కుట్టుశాలలో మేస్త్రీ కూడా అదే మాటన్నాడు. మాటిమాటికీ లేస్తోందని పనిలోంచి తీసేశాడు. ఆ తర్వాత ఆమె కాళ్ళ సంగతి ఎత్తడమే మానేసింది.

ఒక ఆదివారం ఆయన అక్క, బావ వచ్చారు. కబుర్ల మధ్యలో ఆమె పదేపదే లేచి వెళ్ళింది. "మేం రావడం మీ ఆవిడకి ఇష్టం లేనట్టుందిరా" అని అక్క అనేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళు గడప దాటగానే పొయ్యిమీద పొగలు కక్కుతున్న నీళ్ళు బకెట్లోకి వంచాడు. కాసిని చన్నీళ్ళు పోశాడు. వేలు ముంచి చూడనైనా లేదు.

"కాళ్ళ బాధంటావుగా, ఇందులో కాళ్ళు పెట్టుకుని నోరు మూసుకు కూర్చో" అన్నాడు.

ఆమె కూర్చుంది. చాలాసేపు కదల్లేదు.

"చూశావా, మనసుంటే కూర్చోగలవు."

"హాయిగా ఉందండీ" అంది ఆమె. ఎన్నాళ్ళకో ఆ ముఖం తేటపడింది.

కాళ్ళు బయటికి తీసి తుడుచుకోబోతే చర్మం తువ్వాలుకు అంటుకుని ఊడి వచ్చింది. "మంటేం లేదే" అంది ఆమె, వింతగా చూసుకుంటూ. కూతురు ఏడుపు అందుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కాలిన చోటుకు పైన, పిక్కల మీద, వేడివీ చల్లనివీ మార్చి మార్చి ఆనించింది. ఆమె తేడా చెప్పలేకపోయింది.

"కాళ్ళను నిలవనివ్వని జబ్బు ఇది. ఇది ఉన్న కొందరికి వేడీ చలీ కూడా సరిగా తెలియవు. లేని పురుగులు పాకుతాయి, ఉన్న వేడి తెలియదు. ఈమె రక్తంలో ఇనుము బాగా తక్కువుంది. ముందే తీసుకొచ్చుంటే మందులతో చాలావరకు తగ్గేది. మీకెప్పుడూ చెప్పలేదా?"

ఆయన తల దించుకున్నాడు. "చెప్పిందండీ" అన్నాడు.

పుండ్లు చీము పట్టాయి. కుడిపాదం వేళ్ళు తీసేయవలసి వచ్చింది. మందులతో ఆ పాకుడు మాత్రం తగ్గింది. ఇప్పుడామె ఎంతసేపైనా కూర్చోగలదు. "నొప్పిగా ఉందా?" అని ఆయన అడిగితే "ఏం లేదండీ" అంటుంది. కట్టు తడిసి నెత్తురు కనబడుతున్నా అదే జవాబు. తన బాధ ఆయనతో చెప్పుకునే అలవాటు ఆమెకు పోయింది. దాన్ని మళ్ళీ ఎలా తెచ్చుకోవాలో ఆయనకు తెలియడం లేదు.

మొన్న సెలూన్లో ఒకాయన గడ్డం గీయించుకుంటూ, "సాయంత్రమైతే చాలు, కాళ్ళల్లో ఏదో పీకుతోందని మా అమ్మ ఒకటే గొడవ. చూస్తే ఏమీ ఉండదు. ముసలి చాదస్తం" అని నవ్వాడు.

ఆయన కత్తి పక్కన పెట్టాడు. నురగ ఆరిపోతున్నా మళ్ళీ అందుకోలేదు.

"రేపే డాక్టరుకి చూపించండి బాబూ. కంటికి కనబడలేదని నేను నమ్మలేదు, మా ఆవిడ కాలివేళ్ళు పోయాయి. ఇంట్లో మనిషి బాధగా ఉందంటే ముందు నమ్మాలి. అదేంటో తేల్చడం డాక్టరు పని, మనది కాదు."