పటిక తిప్పిన నీళ్లు

కూతురు యమున లేచిందా లేదా తెలుసుకోవడానికి సారలమ్మ ఎప్పుడూ తలుపు తట్టదు. తట్టాక లోపలి నుంచి పలుకు రాకపోతే ఏం చేయాలన్నది ఆమె భయం. వంటింట్లో నిలబడే చెవి ఒగ్గి వింటుంది. హాల్లో చేపల అద్దాల తొట్టి మూత తీసిన చప్పుడైతే గుండె కుదుటపడుతుంది. బిడ్డ లేచింది, ఇవాళ్టికి ఫరవాలేదు.

ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయాక యమున స్టేషన్ ఘన్‌పూర్‌లోని అత్తగారింటి నుంచి సుబేదారికి, తల్లిగారింటికి వచ్చింది. వచ్చిన కొత్తలో మంచం దిగలేదు, తల దువ్వుకోలేదు. దవాఖానలో ఆమె అత్త అందరి ముందరే, "దీని చెయ్యే మంచిది గాదు. ఇది నీళ్లు పోస్తే చెట్టు గూడ ఎండుతది" అనేసింది. ఏడుపులో అన్నమాటలే అని సారలమ్మ సర్దుకుంది. యమున మాత్రం ఆ మాటను మింగి కూర్చుంది.

ఆ తొట్టి సారలమ్మ కొడుకు శశాంక్‌ది. అందులో ఉప్పునీళ్లు, రెండు నారింజ చేపలు, రాళ్ల మీద పూలలా విచ్చుకునే బతికున్న పగడాలు. హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోతూ, "అక్కా, నువ్వే చూసుకోవాలె" అని అప్పజెప్పిపోయాడు. ఇంట్లో మనిషే మనిషిలా లేకపోతే వీడి చేపల గోలేమిటని సారలమ్మ విసుక్కుంది. కానీ యమున మంచం దిగింది ఆ తొట్టి కోసమే.

"పగడాలకు గూడ మనలెక్క బొక్కలుంటయమ్మా" అని ఒకనాడు తనంతట తానే చెప్పింది. "నీళ్లల్లకెళ్లి సత్తువ గుంజుకొని కట్టుకుంటయి. గుంజుకున్నకొద్దీ నీళ్లల్ల తగ్గుతది. దాన్నే ఆల్కలినిటీ అంటరు. తగ్గినంత మనం సోడా కలిపి నింపాలె."

"ఏం సోడా? బట్టల సోడానా?"

"కాదే, తినే సోడా. నువ్వు మిర్చీల పిండిల వేస్తవు సూడు, గదే."

"మరి డబ్బా మొత్తం గుమ్మరిస్తే ఒక్కసారే అయిపోతది గదా?"

"సస్తయమ్మా. ఇయ్యాల జర, రేపు జర. పెంచుడు కష్టం గాదు, పెంచినకాడ ఆపుడు కష్టం."

ఆ నోట చావు మాటంటేనే సారలమ్మకు భయం. అయినా బిడ్డ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎన్నాళ్లయింది!

పక్కింటి సమ్మమ్మ వచ్చి తొట్టి ముందు బుగ్గన చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఏంది అక్కా, ఇంట్లనే సముద్రం పెట్టుకున్నరు. మరి పులుసు ఎప్పుడు పెడుతరు?"

"గా రెండు చేపలకు నీ పంటి సందు గూడ నిండదు పిన్నీ" అన్నది యమున, నవ్వి.

ఆ నవ్వు చూసి సారలమ్మ సమ్మమ్మకు రెండోసారి చాయ్ పోసింది.

వానలు పడ్డాయి. ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చే నల్లా నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. సారలమ్మ ఎప్పటిలాగే డ్రమ్ము నింపి, పటిక గడ్డ చేతపట్టుకుని నీళ్లలో నాలుగు తిప్పులు తిప్పి వదిలేసేది. కాసేపటికి మన్నంతా అడుక్కు దిగి నీళ్లు తేటపడేవి. ఆమె తల్లి చేసింది అదే, అత్త చేసింది అదే.

ఒక పొద్దున యమున తొట్టిలో సోడా నీళ్లు పోసి స్నానానికి పోయింది. సారలమ్మ ఊడుస్తూ తలెత్తి చూసేసరికి తొట్టి నీళ్లు కుడితిలా తెల్లగా ఉన్నాయి. సోడా తొందరగా పోస్తే అట్లా మబ్బు పడుతుందనీ, కాసేపటికి దానంతటదే విరిగిపోతుందనీ ఆమెకు ఎవరు చెప్పాలి? నీళ్లు పాడైనయి, చేపలు తేలుతయి, బిడ్డ వచ్చి చూస్తది, మళ్లీ మంచమెక్కుతది, ఆ తర్వాత... ఆ తర్వాతది తలుచుకోలేక డ్రమ్ము దగ్గరికి ఉరికి పటిక గడ్డ తెచ్చి తొట్టిలో గబగబా తిప్పింది. యమున తల తుడుచుకుంటూ వచ్చేసరికి నీళ్లు అద్దంలా ఉన్నాయి. సారలమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. చెప్తే బిడ్డ బెదురుతుందని చెప్పలేదు.

తర్వాత ఎప్పుడు తెల్లబడ్డా, బిడ్డ కంటపడకుండా అదే మందు.

యమున చిన్న సీసాలో తొట్టి నీళ్లు పట్టి అందులో పరీక్ష మందు చుక్కలు వేసేది. నీళ్లు నీలమై, ఆఖరికి పసుపురంగుకు తిరగాలి. ఎన్ని చుక్కలు పడితే నీళ్లలో అంత సత్తువ ఉన్నట్టు. అంతకుముందు ఎనిమిది చుక్కలకు తిరిగేది ఆరుకే తిరగసాగింది. యమున సోడా పెంచింది. మబ్బు ఎక్కువైంది. సారలమ్మ మరింతసేపు తిప్పింది. ఇంకో చుక్క తగ్గింది. ఒకే ఇంట్లో బిడ్డ పోసేది తల్లి తోడేస్తూ ఉంది, ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

పగడాలు ముడుచుకున్నాయి. కొమ్మలాంటి దానికి తోలు ఊడి లోపలి తెల్ల ఎముక కనబడింది. ఫోన్‌లో శశాంక్, "సోడా తప్ప ఇంకేమన్న పోసినవా అక్కా?" అని గుచ్చి గుచ్చి అడిగాడు; స్పీకర్‌లో ఆ మాట సారలమ్మకూ వినబడింది.

"ఏం పొయ్యలేదురా. నేను పోసినకొద్దీ తగ్గుతాంది." ఫోన్ పెట్టేసి యమున నేల మీద కూర్చుంది. "మా అత్త ఊర్కనే అనలేదమ్మా. నా చేతుల ఏది బతుకది."

మర్నాడు మూత చప్పుడు కాలేదు.

ఎండ వంటింటి గడప దాటినా కాలేదు. కొడుకు అడిగిన మాట గుర్తొచ్చి సారలమ్మ ఫోన్ పట్టుకుని దాబా మీదికెక్కింది. "శశాంక్, నీళ్లు తెల్లగైతే ఏం జెయ్యాలెరా?"

"ఏం జెయ్యద్దు. అదే పోతది."

"పటిక తిప్పితే?"

"పటిక ఎవలు తిప్పిన్రమ్మా?"

"నీళ్లు తేటపడాలని..." అని ఆమె నసిగింది. వాడికి అర్థమైంది. "పటిక పులుపమ్మా. అక్క పోసిన సోడానంతా అదే తిన్నది. పగడాలకు దాంతోని ఇంకింత ఖరాబు. నీళ్లు మార్చాలె. నేనొచ్చి చూస్త. అక్కకు మాత్రం ఇప్పుడు చెప్పకు. కోపంల ఏమన్న జేసుకుంటే?"

ఆమె భయం కూడా అదే. వాడు నోరు తెరిచి అన్నందుకు ఇంకా గట్టిపడింది. చెప్పకపోతే? తన చెయ్యే పాపిష్టిదని నమ్మి ఆ గదిలో పడుకుని ఉన్న పిల్ల ఏం చేస్తుంది? రెండు వైపులా గొయ్యే. మెట్లు దిగి, గొళ్లెం పెట్టని తలుపు తోసింది. యమున గోడవైపు తిరిగి ఉంది. వీపు కదులుతోందో లేదో చూశాకే నోరు తెరిచింది.

"బిడ్డా, నీ చెయ్యి గాదే. నాదే. నీళ్లు తెల్లగైనప్పుడల్లా నేను పటిక తిప్పిన. తమ్ముని అడిగిన. దాంతోనే తగ్గుతాందట."

యమున మెల్లగా ఇటు తిరిగింది. "ఎన్నిసార్లు?"

"అయినప్పుడల్లా."

"నేనే సంపుతాన అనుకున్న గదనే! పోస్తాన, సూస్తాన, ఏడుస్తాన. నువ్వు పక్కపొంటే నిలబడి సూసినవ్!" లేచి కూర్చుంది. ముఖంలోకి రక్తమెక్కింది. ఉన్నట్టుండి గొంతు తగ్గించి అడిగింది. "మరి నాకేం తాపినవమ్మా?"

"ఏంది బిడ్డా?"

"ఆరో నెలల నేనిటొచ్చినప్పుడు దగ్గు లేస్తే కషాయం తాపినవ్. అండ్ల ఏమేసినవ్? అది గూడ గిట్లనే మంచికని జేసిందేనా?"

శొంఠి, మిరియాలు. అంతే. బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకున్నదని, ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. యమున విన్నది, నమ్మలేదు. సారలమ్మ నాలుక చివర దాకా వచ్చింది ఆ మాట. శొంఠే బిడ్డా అంటే చాలు, నింద తన మీది నుంచి దిగుతుంది. దిగి ఎక్కడికి పోతుంది? తిరిగి తిరిగి ఆ పిల్ల చేతుల మీదికే పోయి కూర్చుంటుంది.

సారలమ్మ తల వంచుకుని నిలబడింది.

"చెప్పవేందే?"

చెప్పలేదు.

యమున ఆమెను తోసుకుని హాల్లోకి పోయింది. బకెట్ ఈడ్చిన చప్పుడు, పైపుతో నీళ్లు తోడుతున్న చప్పుడు. "అవునురా, అమ్మనే" అని ఫోన్‌లో తమ్ముడితో గట్టిగా అంటోంది. "అన్నీ అమ్మనే జేసింది. తోలు ఊడినయి ఇగ రావు, నాకెరుకే. మిగిలినయన్న సూడాలె. సోడా ఎంత పొయ్యాల్నో చెప్పు." ఆ తర్వాత వంటింటివైపు తిరిగి అరిచింది. "నువ్వు ఇటు దిక్కు రాకు! నా సామాన్ ముట్టుకోకు!"

"రాను బిడ్డా" అన్నది సారలమ్మ. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడికినా పిలవడానికి ధైర్యం చాలక, మంట ఆర్పి పీట మీద కూర్చుంది.