వెనక సీటు మనిషి

నేను ఒక పాత స్కూటర్ని. ఇప్పుడు తణుకులో ఒక మెకానిక్ షెడ్డు వెనక నా ఇంజనొక చోట, నేనొక చోట పడి ఉన్నాం. నా మీద ఇద్దరు కూర్చోవచ్చని చెప్పి అమ్మారు గానీ, ఆ ఇద్దరూ మాట్లాడుకుంటారని ఎవరూ హామీ ఇవ్వలేదు.

నన్ను కొన్నది పెనుగొండ హైస్కూలు డ్రాయింగు మాస్టారు తాతాజీ. ఆయన భార్య మంగతాయారు. కొత్తలో ఆవిడ చెయ్యి ఆయన భుజం మీద ఉండేది. పిల్లలు పుట్టాక సీటు వెనక కడ్డీ మీదికి మారింది. వాళ్ళు పెద్దయ్యాక ఆవిడ ఒళ్ళోకే చేరింది. మాస్టారు ఇదేమీ గమనించలేదు. ఆయనకు భార్య మీద గొప్ప నమ్మకం. నా స్పేర్ టైరు మీదా అంతే నమ్మకం, ఉందో లేదో ఎన్నడూ వంగి చూసిన పాపాన పోలేదు.

సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. ఒక మధ్యాహ్నం పాలకొల్లులో పెళ్ళి భోజనం చేసి వస్తూ మార్టేరు బంకులో ఆగాం. నా ట్యాంకు సీటు కింద ఉంటుంది కాబట్టి ఇద్దరూ దిగాల్సిందే. పెట్రోలు పోయించుకుని, సీటు మూసి, కిక్కు కొట్టి మాస్టారు పోనిచ్చాడు. కొంగు సర్దుకుంటున్న ఆవిడ "ఏవండీ" అంది. నా మోతలో అది కలిసిపోయింది.

నాకు తెలిసింది, బరువు తగ్గింది కదా. ఒకటికి రెండుసార్లు దగ్గాను, గోతిలో పడి ఎగిరాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, రోడ్లు వేసినవాళ్ళను తిట్టాడు. గుత్తివంకాయలో ఉప్పు లేదన్నాడు. పెళ్ళికొడుకు తల్లికి గర్వమన్నాడు. అన్నిటికీ భార్య ఒప్పుకుందని సంతోషించాడు కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటి ముందు ఆపి "తాళం తియ్యి" అన్నాడు. ఎవరూ తియ్యలేదు. వెనక్కి తిరిగి చూసి నిలువునా కొయ్యబారిపోయాడు.

మళ్ళీ మార్టేరు వైపు తిప్పాడు. ఎక్కడ పోగొట్టుకున్నాడో ఆయనకు తెలియదు. పడిపోయిందేమోనని దారి పొడుగునా, కాలవ పొడుగునా వెతికాడు. ఆయన ఆగి ఆగి నీళ్ళలోకి చూస్తుంటే నాకూ భయమేసింది. బంకు కుర్రాడు ఆవిడ బస్టాపు వైపు వెళ్ళిందని చెప్పాడు.

బస్టాపు పక్కన టీకొట్టతన్ని, గోధుమరంగు చీర కట్టుకున్నావిడ కనబడిందా అని అడిగాడు. అలాంటావిడ రాలేదన్నాడతను. నిజమే. గోధుమరంగు చీర స్టీలు గిన్నెలవాడికి వేసేసి చాలా కాలమైంది. ఆకుపచ్చ పట్టుచీరలో ఆవిడ ఆ కొట్టు బల్ల మీదే, అటు తిరిగి కూర్చుని అంతా వింటోంది.

"చీర సంగతి వదిలెయ్యండి" అంది, ఇటు తిరక్కుండానే. "ఎందాకా మాట్లాడారు నాతో?"

"ఇంటిదాకా."

"నేనేమన్నాను?"

"ఊఁ అన్నావు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మా అక్క దగ్గరికి తణుకు వెళ్తన్నానండి. మళ్ళీ వస్తానో రానో నాకే తెలీదు" అంది. సంచిలోంచి ఇంటి తాళంచెవి తీసి నా సీటు మీద పెట్టి, వచ్చిన బస్సు ఎక్కేసింది.

ఆ బస్సు వెనకే మేమూ కదిలాం. ఆవిడ వెనక కిటికీ పక్కన కూర్చుంది. నేను ఆ ఇంటికొచ్చాక, దారి పొడుగునా ఆవిడ ఆయన కళ్ళెదురుగా ఉండటం అదే మొదటిసారి. ఆయన చూపు తిప్పలేదు, హారను కొట్టలేదు. ఆవిడ ఇటు చూడలేదు.

పెనుగొండలో బస్సు ఆగింది. ఆవిడ దిగలేదు. ముందు మా వీధి మలుపు కనబడుతోంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది. అలవాటున్న మనిషి కదా, ఇంటికే తిప్పుతాడనుకుని నేను సగం ఒరిగాను కూడా. ఆయన హ్యాండిలు బిగించి పట్టి నన్ను నిటారుగా నిలబెట్టాడు.

బస్సు కదిలింది. ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. మేము మలుపు దాటేశాం.