ముప్పై మూడా, నలభై ఐదా

నేను ఒక రికార్డు ప్లేయర్‌ని. పుట్టింది సోవియట్ దేశంలో, మంచు ఎక్కువగా, మాటలు తక్కువగా ఉండే ఒక ఊళ్లో. నన్ను బిగించినవాళ్లు చేతికి తొడుగులు వేసుకుని పనిచేసేవారు. మనిషి చెయ్యి వెచ్చగా ఉంటుందని అమ్ముడుపోయేదాకా నాకు తెలియదు. బరువైన చెక్క పెట్టె, పైన గుండ్రటి పళ్లెం, పక్కన సూదిని పట్టుకునే సన్నటి చెయ్యి, ముందువైపు ఒక మీట. మీటని ఎడమవైపు తిప్పితే పళ్లెం నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరుగుతుంది. కుడివైపు తిప్పితే నలభై ఐదు. నా కథలో చెప్పుకోదగ్గదంతా ఆ మీట దగ్గరే జరిగింది.

నాకు సొంత గొంతు లేదు. నా మీద ఏది పెడితే దాన్ని పాడతాను, ఎంత వేగంగా పాడమంటే అంత వేగంగా పాడతాను. వేగం తప్పని తెలిసినా ఆగే అధికారం నాకు లేదు. మనుషుల్లో కూడా ఇలాంటి ఉద్యోగులు చాలామంది ఉన్నారని తరవాత తెలిసి కొంచెం ఊరట పడ్డాను.

విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో రష్యా నుంచి వచ్చిన ఇంజనీర్లలో ఒకాయన భార్య నన్ను ఈ దేశం తీసుకొచ్చింది. ఆమె పేరు గలీనా. ఓడ ప్రయాణంలో దెబ్బ తగలకుండా నన్ను చలికోట్లలో చుట్టింది. ఆ తరవాత ఈ ఊళ్లో ఆ కోట్లకి ఇంకే పనీ పడలేదు.

నాతోపాటు ఒక పెట్టె నిండా రికార్డులు వచ్చాయి. అన్నీ పెద్దవి, రష్యావి. ఒక్కటి మాత్రం చిన్నది. అది పోలండుది, గలీనా తల్లి పుట్టింటి ఊరిది. మధ్యాహ్నాలు కిటికీ తెరలు లాగి, కూతుర్ని ఒళ్లో వేసుకుని, గలీనా నా మీటని ముప్పై మూడు మీద ఉంచి ఆ చిన్న రికార్డు పెట్టేది. ఒక వయొలిన్, వెనకాల ఒక పియానో. పాట సగం కాకుండానే పిల్ల నిద్రపోయేది. అది జోలపాట అని నాకెవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

కర్మాగారంలో ఇంజనీర్ల మాటల్ని మనవాళ్లకి తెలుగులో చెప్పే పని పైడిరాజుది. గాజువాకవాడు. కంపెనీవాళ్లు పెట్టిన తరగతుల్లో రష్యన్ నేర్చుకుని, దాన్ని గాజువాక యాసలోనే మాట్లాడేవాడు. రష్యావాళ్లకి అర్థమయ్యేది. అర్థం కాకపోయినా అతని మొహం చూసి నవ్వేవాళ్లు. గలీనా వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు సామానులో మిరియాలు, చీరలు, ఇత్తడి గిన్నెలు చేరిపోయి నాకు చోటు లేకపోయింది. నన్నూ రికార్డుల పెట్టెనూ పైడిరాజుకి ఇచ్చింది. చిన్న రికార్డుని విడిగా చేతిలో పెట్టి, "పతిహోన్కు" అంది.

రష్యన్‌లో ఆ మాటకి 'మెల్లగా' అని అర్థం. పైడిరాజుకి అది బాగా తెలిసిన మాట. క్రేను కింద బరువు దించేటప్పుడు ఇంజనీర్లు రోజూ అరిచే మాట అదే. పగలకుండా, జాగ్రత్తగా, మెల్లగా. అలాగేనని తల ఊపి, రికార్డుని రెండు చేతులా పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు.

అతని భార్య నూకరత్నం హైస్కూలులో లెక్కల టీచరు. పేరు లేని వస్తువు ఇంట్లో ఉంటే ఆవిడకి తోచదు. పప్పు డబ్బాల మీద కూడా చీటీలుండేవి. రికార్డుల మీది అక్షరాలు ఆవిడకి రావు. భర్తకి వచ్చినా కూడబలుక్కోవాలి. అందుకని ఒక్కొక్కటే విని, తనే పేర్లు పెట్టి, తెల్లకాగితం చీటీలు రాసి మధ్యలో అతికించింది. ల్యాదోవ్ అనే ఆయనది 'వాన రికార్డు' అయింది. మ్యాస్కోవ్‌స్కీది 'రైలు తప్పిపోయిన రికార్డు'. ఆ స్వరకర్తలు వింటే ఏమనేవారో తెలియదు. నాకైతే పేర్లు బాగానే కుదిరాయనిపించింది.

చిన్న రికార్డు వంతు వచ్చింది. సినిమాపాటల చిన్న రికార్డులు నలభై ఐదు మీద తిరుగుతాయని గాజువాకలో అందరికీ తెలుసు. పైడిరాజు దాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు నా పళ్లెం మీద పెట్టి, మీటని కుడివైపుకి తిప్పాడు.

వయొలిన్ పరుగు లంకించుకుంది. పియానో దాని వెనక తప్పెటలాగా పడింది. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన పైడిరాజు అక్క అప్పయ్యమ్మ చేతిసంచీ కింద పడేసింది.

"ఒలమ్మో! ఇది పెళ్లోరి మేళమే! రష్యాలో కూడా పెళ్లికి ఇలాగే గెంతుతారేట్రా తమ్ముడూ?"

"ఇది పోలండుదే అప్పా."

"ఏ దేశవైతేనేటి, కాళ్లు నిలబడతన్నాయా?" అని ఆవిడ వంటింటి గడప దాకా గెంతుకుంటూ వెళ్లింది.

నూకరత్నం 'పెళ్లి రికార్డు' అని రాసి చీటీ అతికించింది. చీటీ కింద ఏముందో తరవాత ఎవరికీ అవసరం పడలేదు. ఆ కుటుంబంలో ఎవరి పెళ్లయినా పెళ్లికూతురు గడప దాటేముందు ఆ రికార్డు మోగేది. పోలండులో పసివాళ్లని నిద్రపుచ్చే పాటతో గాజువాకలో పెళ్లికూతుళ్లు బయల్దేరేవారు. నాకేం అభ్యంతరం? అందరూ సంతోషంగా ఉన్నారు, పైగా రికార్డుని నిజంగానే చాలా మెల్లగా పట్టుకునేవారు.

మధ్యలో క్యాసెట్లు వచ్చాయి, తరవాత సీడీలు. నా మీద ఒక ఎంబ్రాయిడరీ గుడ్డ, గుడ్డ మీద టీవీ వచ్చాయి. టీవీ గోడకెక్కాక పూలకుండీ వచ్చింది. పాత సామాన్ల బండివాడు ఒకసారి నన్ను రెండు చేతులతో ఎత్తి చూసి, "బరువుందమ్మా" అని మెచ్చుకున్నాడు. నూకరత్నం నన్ను అతని చేతుల్లోంచి తీసుకుంది. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

రిటైరయ్యాక పైడిరాజు పూలకుండీ దించి, నాకు కొత్త బెల్టు, కొత్త సూది వేయించాడు. ఫోను నా ముందు నిలబెట్టి, రికార్డులన్నీ ఒక్కొక్కటే యూట్యూబులో పెట్టడం మొదలుపెట్టాడు. ఛానల్ పేరు 'గాజువాక రికార్డులు'. ఫ్యాను చప్పుడు వినబడుతుందని ఆపేసేవాడు. కుక్కరు పొయ్యి మీద ఉంటే పాట మొదలుపెట్టేవాడు కాదు.

"ఈ రష్యావోల్ల పాటకి మనం ఉడికిపోవాలేట్రా?" అని అప్పయ్యమ్మ విసనకర్ర ఊపుతూ గొణిగేది. భర్త పోయాక ఆవిడ కింది వాటాలోనే ఉంటోంది. "ఇనేటోడు ఒక్కడైనా ఉన్నాడా అసలు?"

"పేరున్నోల్లని లోకమంతా ఇంటాది అప్పా. పేరు లేనోల్లకే మనం గావాల."

వినేవాళ్లు నిజంగానే వచ్చారు. చీటీల మీది తెలుగు పేర్లే పైడిరాజు వీడియోలకీ పెట్టాడు, వాటి పక్కన అసలు పేరు రష్యన్‌లో. బ్రెజిల్ నుంచి ఎవరో 'వాన రికార్డు' గురించి రాశారు. రష్యాలోని కజాన్ నుంచి ఒకాయన, ఈ రికార్డు తమ ఊళ్లోనే దొరకడం లేదని రాశాడు. పైడిరాజు ప్రతి మాటకీ జవాబు రాసేవాడు. వీడియోల్లో మాత్రం మాట్లాడేవాడు కాదు. సిగ్గు. ఒక్కసారే మాట్లాడాడు, తమ పెళ్లిరోజున. చిన్న రికార్డుని ఫోనుకి చూపించి, గొంతు సవరించుకుని అన్నాడు.

"ఇది మా ఇంటి పెళ్లి రికార్డండి. ఇచ్చినావిడ పతిహోన్కు అన్నారు. అప్పట్నుంచీ అలాగే పట్టుకుంటున్నాం. మా ఆవిడ కూడా ఇక్కడే ఉంది, రమ్మంటే రాదు." తరవాత మీట కుడివైపుకి. వయొలిన్ పరుగు.

ఆ ఏడు వానలు మొదలయ్యేలోపు పైడిరాజు పోయాడు.

నూకరత్నం నా మూత వేసింది. అంతకంటే ఆ రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మూత కింద చీకటి, పైన ఇంటి చప్పుళ్లు.

మూత తీయించింది వినేవాళ్లే. 'తరవాతిది ఎప్పుడు?' అని ఒకరి తరవాత ఒకరు అడుగుతుంటే, ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన మనిషి ఊరుకోలేకపోయింది. ఒక మధ్యాహ్నం ఫ్యాను ఆపి, ఫోనుని పైడిరాజు రష్యన్ నిఘంటువుకి ఆనించి, కర్వోవిచ్ అనే పోలండు స్వరకర్త పాటలున్న ఒక రష్యా రికార్డు పెట్టింది. పాట అయ్యాక పైటచెంగుతో నా మీది దుమ్ము తుడిచింది. దుమ్మేమీ లేదు.

అలా ఆ పని ఆవిడదయింది. వారానికొకటి. మిగిలిన రోజుల్లో తన పనులన్నీ అయ్యాక పైడిరాజు మాట్లాడిన వీడియో పెట్టుకుని, అతని మాటల వరకూ విని ఆపేసేది.

అప్పుడు దనూతా అనే ఆవిడ రాసింది. ఆవిడది పోలండులోని పోజ్నాన్ ఊరు, గలీనా తల్లి పుట్టిల్లు అదే. ఆవిడ రాసినదాన్ని ఫోను తెలుగులోకి మార్చి చూపించింది. 'నాకు మీ భాష రాదు. కానీ ఆ పెద్దమనిషి మాటల్లో ఒకటి అర్థమైంది. మా బళ్లో రష్యన్ తప్పనిసరిగా నేర్పేవారు. ఆయన మెల్లగా అని చెప్పి, అంత వేగంగా ఎందుకు పెట్టారు? దయచేసి రికార్డు మీది కాగితం తీసి చూడండి.'

నూకరత్నం తడిగుడ్డ అద్ది, చీటీని ఓపికగా ఊడదీసింది. కింద ఎర్రటి లేబుల్ మీద ముప్పై మూడు అని ఉంది. పక్కన ఒక మాట. ఫోటో తీసి పంపితే దనూతా జవాబిచ్చింది. ఆ మాటకి జోలపాట అని అర్థం. ఆ పాట రాసినావిడ తమ పేటలో పిల్లలకి వయొలిన్ నేర్పిన టీచరు. ఆవిడ పాటల్లో రికార్డయింది ఇదొక్కటే. దనూతాకి చిన్నప్పుడు విన్న తరవాత మళ్లీ ఎక్కడా దొరకలేదు.

వేరే ఎవరో దాని కిందే రాశారు. 'అయితే ఆ వీడియో తీసేయండి. ఎక్కడా దొరకని పాట ఇలా తప్పుగా ఉంటే, అందరూ ఇదే అసలుదనుకుంటారు.'

ఆ మాట నూకరత్నానికి తగిలింది. తప్పు కనబడితే ఎర్రసిరాతో దిద్దకుండా ఏ రోజూ వదిలిన మనిషి కాదు. కానీ భర్త గొంతు ఉన్నది ఆ ఒక్క వీడియోలోనే. తన ఫోనులో దాచుకోవచ్చు. దాచుకుంటే అది తనకొక్కదానికే మిగులుతుంది. అతను పలకరించింది లోకాన్ని.

అప్పయ్యమ్మ పైకి వచ్చేసరికి ఆవిడ అలాగే కూర్చుని ఉంది. సంగతి విన్నాక అప్పయ్యమ్మ నోరు వెళ్లబెట్టింది.

"జోలపాటా? అయితే ఇన్నాళ్లూ జోలపాటకా నాను గెంతింది?"

"అవును వదినా."

"మా పెద్దదాని పెళ్లికి వాకిట్లో దాకా గెంతినానే!"

నూకరత్నం నవ్వబోయి ఆపుకుంది. "తీసేయమంటున్నారు వదినా. తప్పుది కదా."

"తీసెత్తావేటి? ఆడి గొంతు?"

"వేగం తప్పు."

"ఆడు బతికినన్నాల్లూ ఏదో ఓటి తప్పే సేసేవోడు. కూరలో ఉప్పు రెండుసార్లు ఏసేవోడు. అలాగని ఆడిని తీసీసినావా?"

నూకరత్నం లేచి ఫ్యాను ఆపి, ఫోనుని నా ముందు నిలబెట్టింది. చిన్న రికార్డుని నా మీద పెట్టింది. మీట మీద చెయ్యి వేసి ఒక క్షణం ఆగింది. కుడివైపుకి అలవాటైన మీట అది. ఎడమవైపుకి తిప్పింది.

గలీనా వెళ్లిన తరవాత ఆ పాటని ఆ వేగంలో నేను పాడడం అదే మొదలు. వయొలిన్ నడిచి వచ్చింది. పియానో దాని పక్కన అడుగు వేసింది. పరుగులో కలిసిపోయిన స్వరాలన్నీ విడివిడిగా వినిపించాయి. నూకరత్నం కళ్లు మూసుకుని వింది. అప్పయ్యమ్మ కుర్చీలో చేరబడి, విసనకర్ర ఊపుతూ, "ఇదేటి, ఇంత నిమ్మలంగా..." అంది. ఆ మాట పూర్తి కాలేదు.

తమ్ముడు పోయినప్పట్నుంచీ కన్ను మూస్తే వాడే కనబడుతున్నాడని ఆవిడ రోజూ చెప్పేది. పగలూ నిద్ర లేదు, రాత్రీ లేదు. ఇప్పుడు విసనకర్ర ఒళ్లోకి జారింది. పాట సగం కాకుండానే గురక మొదలైంది. మొదట సన్నగా, తరవాత పియానోతో పోటీగా.

నూకరత్నం ఫోను వైపు చూసింది. రికార్డవుతోంది. ఆపడానికి చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది.

పాట అయిపోయింది. సూది చివరి గీతలో తిరుగుతూ ఉండిపోయింది. లేస్తే కుర్చీ చప్పుడవుతుందని ఆవిడ లేవలేదు. ఫ్యాను వేయలేదు. ఆ ఉక్కలో ఒకరు నిద్రపోతూ, ఒకరు కాపలా కాస్తూ, నేను ఊరికే తిరుగుతూ, చాలాసేపు గడిపాం. నా జీవితంలో అంత బాగా పనిచేసిన మధ్యాహ్నం ఇంకొకటి లేదు.

సాయంత్రం ఆవిడ కొత్త వీడియో పెట్టింది, గురకతో సహా. మర్నాడు దనూతా రాసింది. 'పాట పనిచేసిందని వినబడుతోంది.' అప్పయ్యమ్మకి చదివి వినిపిస్తే, "నాకు గురకేటి? అది మీ మిషను సప్పుడు" అంది. నింద మోయడం నాకు కొత్త కాదు.

పైడిరాజు వీడియోని నూకరత్నం తీయలేదు. దాని కింద, జవాబు పత్రం దిద్దినట్టు, ఒక్క వాక్యం రాసింది. 'వేగం తప్పు, తక్కినదంతా ఒప్పు.'

ఇప్పుడు ఆ చిన్న రికార్డు మీద కొత్త చీటీ ఉంది. లేబుల్ మీది అంకెలు కనబడేలా, ఈసారి ఒక పక్కగా అతికించింది. చీటీ మీద 'జోలపాట', 'పెళ్లి రికార్డు' అని రెండు పేర్లు రాసింది. వచ్చే మాఘంలో అప్పయ్యమ్మ మనవరాలి పెళ్లి. అప్పుడు మీట కుడివైపుకే తిరగాలని ఆవిడ ఇప్పటినుంచే హెచ్చరిస్తోంది. మధ్యాహ్నాలు మాత్రం ఎడమవైపు. భోజనం అయ్యాక ఆవిడ పైకి వచ్చి, ఆ కుర్చీలోనే కూర్చుని, "పెట్టవే" అంటుంది.

నూకరత్నం రికార్డుని రెండు చేతులా పట్టుకుని నా మీద పెడుతుంది. సూది దించేముందు, ఎవరికి చెబుతుందో గానీ, పెదవుల మధ్యే ఒక మాట అంటుంది. ఆవిడకి వచ్చిన రష్యన్ మాట అదొక్కటే.