సదానందం మామ ఆపిన లీకు

పెళ్లయి నెలలు గడిచినా ప్రసన్నకు మొగుడితో ఒంటరిగా నాలుగు మాటలు మాట్లాడే యోగం పట్టలేదు. బతుకుదెరువుకు వచ్చిన మరమగ్గాల పేట వడోద్‌లో వాళ్లకున్నవి రెండే గదులు. వెనక గది కొత్త దంపతులదని పేరు, కానీ కుళాయికి దారి అందులోంచే. అత్త గంగవ్వ బిందె పట్టుకుని వెళ్తుంది, వస్తుంది, మూత మరిచానని మళ్లీ వెళ్తుంది. చినమామ సదానందం మర్యాదస్తుడు, దగ్గకుండా ఆ గదిలోకి రాడు. కాకపోతే ముందు వస్తాడు, తర్వాత దగ్గుతాడు.

అందుకే మొగుడు శివకృష్ణ ఒక సాయంత్రం ఆటోలో పాత పడవ మోటరు వేసుకొస్తే, చేపల కంపుకు ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకున్నా ప్రసన్న మాత్రం మురిసిపోయింది. పడవ వెనక తగిలించే మోటరు అది. తాపీ నది ఒడ్డున పడవలు తిప్పే దయాళ్‌భాయ్‌ది. ఉప్పునీళ్లకు తుప్పుపట్టి మూలన పడి ఉంది.

"దీన్ని నడిపిస్తే సెలవునాడు పొద్దంతా పడవ మనకే ఇస్తనన్నడు" అన్నాడు శివకృష్ణ.

"మనిద్దరికేనా?"

"మనిద్దరికే."

పడవలో కుళాయి ఉండదు. ప్రసన్నకు అంతకంటే ఏం కావాలి!

పగలంతా మరమగ్గాలు బాగుచేసే శివకృష్ణ సాయంత్రాలు మోటరు ముందు కూర్చునేవాడు. లోపల ఎండి జిగురైపోయిన పాత పెట్రోలును కిరసనాయిలుతో కడిగాడు. సన్నటి సందులు రుద్దడానికి ప్రసన్న కొత్త బ్రష్షు బలైపోయింది. ఆమె బీఎస్సీ చదువు నట్లు సైజు ప్రకారం గిన్నెల్లో సర్దడానికి పనికొచ్చింది. ఒక్కో నట్టు అందిస్తున్నప్పుడు వేళ్లు తగిలేవి. కుళాయి దారిలో బిందె చప్పుడు కాగానే విడిపోయేవి. లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం రాయిలా గట్టిపడిందని కొత్తది తెచ్చి వేశాడు.

రంగుల పీపాలో నీళ్లు నింపి, మోటరు కింది భాగం అందులో ముంచి తాడు లాగాడు. దగ్గింది, తుమ్మింది, సందంతా పొగ కక్కింది, చివరికి పట్టుకుంది. పక్కనున్న చిన్న బెజ్జంలోంచి సన్నటి నీటిధార బయటికి చిమ్మింది.

"చూసినవా? లోపలికి నీళ్లు తీసుకుని ఇంజను సల్లబడ్తాందని గుర్తు" అన్నాడు శివకృష్ణ. "ఆ ధార ఆగిందంటే లోపల కాల్తాందన్నట్టే."

పసివాడు గోడకు పోసినంత నిబ్బరంగా చిమ్ముతున్న ఆ ధారను చూసి ప్రసన్న చప్పట్లు కొట్టింది.

సరిగ్గా అప్పుడే సదానందం వచ్చాడు, తర్వాత దగ్గాడు.

సదానందానికి మోటరంటే లోకంలో ఒక్కటే: బోరు మోటరు. ముప్ఫై ఏళ్ల కింద ఊళ్లో బోర్లలో మోటర్లు దింపాడు. ఆ అర్హత మీదే ఇప్పటికీ మిక్సీల దగ్గర్నుంచి లిఫ్టుల దాకా తీర్పులిస్తుంటాడు.

"లీకైతాందిరా!"

"లీకు గాదు కాకా, అది గట్లనే..."

"నాకు చెప్తవారా? మోటరు పక్కకెల్లి నీళ్లు కక్కిందంటే ప్యాకింగ్ పోయినట్టు! ఎన్ని బోర్లు చూసిన నేను!"

శివకృష్ణకు మిల్లులో పని పెట్టించింది సదానందమే. మరమగ్గం ఎంత మొరాయించినా బెదరని మేస్త్రీ, కాక గొంతు పెంచితే మాత్రం ఆయిలు లేని యంత్రంలా బిగుసుకుపోతాడు. సదానందం చీపురుపుల్లకు వేస్టు దారం చుట్టి, జిగురులో ముంచి, ఆ బెజ్జంలో దిగ్గొట్టాడు. ధార ఆగింది.

"ఇగో, గిట్ల చెయ్యాలె రిపేరు" అని చేతులు దులుపుకుని సందంతా తిరిగి చెప్పొచ్చాడు. ఎక్కువ మందికి చెప్పిన కొద్దీ రిపేరు పెద్దదైంది. సందు చివరికి వెళ్లేసరికి ఆ మోటరు మొత్తం ఆయనే విప్పి బిగించాడు. ఆపైన తన పనికి కాపలాగా మంచం దాని పక్కనే వేసుకున్నాడు.

"నడిపించిన మనిషిని నేను లేకుంట పడవెట్ల పోతది?" అన్నాడు. ఆయన వస్తే నేనూ వస్తానంది గంగవ్వ. "కొత్త జంటను నీళ్లమీదికి ఒంటరిగ పంపుతరా?" అని సర్వపిండికి బియ్యప్పిండి కలిపేసింది.

సెలవునాడు తాపీ ఒడ్డున మోటరును పడవకు బిగించారు. దయాళ్‌భాయ్ వాళ్లను పడవ దగ్గర వదిలి చాయ్ తాగడానికి వెళ్లాడు. అత్త, మామ, సర్వపిండి డబ్బా, అన్నీ పడవలోకి చేరాయి. శివకృష్ణ ప్రసన్న చెవిలో గొణిగాడు: "పుల్ల గట్లనే ఉన్నది. లోపల నీళ్లు ఆడుతున్నయో లేవో తెల్వకుంట నడిపితే ఇంజను పోతది. ఇయ్యాల వద్దందామా?"

"ఆ మాటేదో మీ కాకతో చెప్పు."

శివకృష్ణ నది వైపు చూశాడు. కాకతో చెప్పడం కంటే దూకడమే సులువన్నట్టు చూశాడు.

అప్పుడే సదానందం సంచీలోంచి కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు తీశాడు. "బిడ్డా ప్రసన్నా, కొత్త బండి లెక్కనే గదా! ఇంటి కోడలివి, మోటరుకు బొట్టు పెట్టు."

ప్రసన్న ఎంతో భక్తిగా మోటరు ముందు వంగింది. కొంగు దానిమీద కప్పింది. సిరిసిల్ల నేతకారు ఇంటి పిల్ల, కొప్పులో ఎప్పుడూ ఒక కొక్కెం ఉంటుంది. మగ్గం అచ్చుపళ్ల సందుల్లోంచి తెగిన పోగు లాగే సన్నటి కొక్కెం. ఎడమచేత్తో బొట్లు పెడుతూ కుడిచేత్తో దాన్ని పుల్లకు చుట్టిన దారంలోకి గుచ్చి మెల్లగా తిప్పింది. బొట్లు కాస్త ఎక్కువే పడ్డాయి. మోటరు మొహం అమ్మోరులా తయారైంది. పుల్ల ఊడొచ్చింది.

"ఇగ లాగండి" అంది మొగుడితో, అందరి ముందూ కాబట్టి అండీ చేర్చి.

శివకృష్ణ తాడు లాగాడు. మోటరు అందుకుంది. ధార సర్రున చిమ్మి గంగవ్వ పట్టుచీర కుచ్చిళ్లను తడిపింది.

"లీకు!" సదానందం సగం లేచాడు. "మళ్ల లీకు! నేను పెట్టిన పుల్లనే కక్కిందంటే మామూలు లీకు గాదిది!"

"అవును మామా, మీరు మొదట్నుంచీ చెప్తనే ఉన్నరు" అంది ప్రసన్న గాబరాగా. "పెద్దోళ్లు ఇందులో ఉండుడు మంచిది గాదు. అత్తమ్మా, జర పైలం, దిగున్రి."

గంగవ్వ డబ్బాతో సహా దిగింది. సదానందం ఆమెకంటే ముందే దిగాడు.

"మీరు గూడ దిగున్రి!"

"వద్దు మామా, దయాళ్‌భాయ్‌కి మాటిచ్చినం. మేం తేలిక, ఇద్దరమే గదా."

శివకృష్ణ నోరు తెరవబోయాడు. ఆమె మోకాలితో పొడిచింది. పడవ కదిలింది.

"వేలు పెట్టు బిడ్డా! ఆ బెజ్జంల వేలు పెట్టి పట్టుకో!" ఒడ్డునుంచి అరిచాడు సదానందం.

ప్రసన్న వేలు చాపింది. ధార గోరువెచ్చగా చేతిమీద పడింది. నవ్వాపుకోలేక మొగుడి మొహంమీద చిలకరించింది.

"పుల్ల ఎట్ల ఊడిందే?"

ఆమె కొక్కెం మళ్లీ కొప్పులో గుచ్చుకుంది. ఒడ్డుమీద సదానందం ఇంకా చేతులూపుతున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గాడు కూడా, కానీ మోటరు చప్పుడులో అది వినబడలేదు.