నాలుగు తలుపుల్లో నల్ల టేపు

కారు డ్రైవరు వైపు తలుపు లోపలి అట్ట ఊడదీసి టార్చి వేసిన ఎలక్ట్రీషియను అలాగే ఆగిపోయింది: కిటికీ మోటారుకి వెళ్ళే రెండు వైర్లనీ ఎవరో మధ్యలోకి కోసేశారు.

అరిగి తెగిన వైర్లు ఆమె ఎన్ని చూసిందో లెక్కలేదు. పాత కార్లలో అది మామూలే. తలుపు తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా వైరు వంగుతుంది. వంగి వంగి ఏదో ఒకరోజు ప్రాణం విడుస్తుంది. కానీ అలా తెగేది తలుపుకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో. ఇది తలుపు కడుపులో, కదలికే లేని చోట. పైగా కొసలన్నిటికీ నల్ల టేపు చుట్టి ఉంది. వైరు తనంతట తను తెగొచ్చు గాని, తనంతట తను టేపు చుట్టుకోదు.

"ఏమైందక్కా? అలా బిగుసుకుపోయావేం?" షెడ్డు గుమ్మంలో సూట్‌కేసు మీద కూర్చున్న చెల్లెలు అడిగింది.

"ఏం లేదు. బొద్దింక."

"నువ్వు బొద్దింకని చూసి భయపడటమేంటి? అవే నిన్ను చూసి పరిగెత్తుతాయి."

ఎలక్ట్రీషియను నవ్వలేదు. వెనక తలుపు దగ్గరికి వెళ్ళి స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది.

పొద్దుటి నుంచీ ఆమె ఒక వరసలోనే వెతుకుతూ వచ్చింది. నిన్న కారు తీసేసరికి నాలుగు అద్దాల్లో ఒక్కటీ కదల్లేదంది చెల్లెలు. నాలుగూ ఒకేసారి అంటే జబ్బు ఒకటే అయ్యుండాలి. ముందు ఫ్యూజు చూసింది. బాగుంది. డ్రైవరు చేతి దగ్గరుండే స్విచ్చులు విప్పి టెస్టు బల్బు పెట్టింది. కరెంటు వస్తోంది, నొక్కితే అవతలికి పోతోంది కూడా. రబ్బరు గొట్టం వెనక్కి లాగి చూసింది. లోపల వైర్లు నిక్షేపంలా ఉన్నాయి. అంటే కరెంటు తలుపులోకి వెళ్తోంది, మోటారు దాకా చేరడం లేదు. అందుకే అట్ట విప్పింది.

రెండో తలుపు. టార్చి. నల్ల టేపు.

మూడో తలుపు. నల్ల టేపు.

నాలుగోది విప్పేసరికి చేతుల చెమటకి స్క్రూడ్రైవరు జారి కింద పడింది. ఆ చప్పుడుకి షెడ్డు మూలన ముక్కాలిపీట మీద కూర్చున్న తండ్రి ఉలిక్కిపడ్డాడు. వీధిలో అందరికీ ఆయన పెద్ద మేస్త్రి. ఈ షెడ్డు పెట్టిందీ ఆయనే, పెద్ద కూతురికి వైరు పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. చూపు మందగించాక పని కూతురికి వదిలేసి స్క్రూలు ఏరుతూ కూర్చుంటున్నాడు. ఆయన ఒళ్ళో ఐదేళ్ళ మనవరాలు, చెల్లెలి కూతురు. ఒక్క క్షణం కుదురుగా ఉండదని దాన్ని ఉడత అంటారు. ఇవాళ ఆ ఉడత మెడకి మఫ్లరు చుట్టుకుని, ఎండాకాలంలో ముసలమ్మలా ముడుచుకుని ఉంది. జలుబు చేసి గొంతు పట్టేసిందని, మందు రాశానని, గాలి తగలకూడదని తాతయ్య వారం నుంచీ ఆ మఫ్లరు ఎవర్నీ విప్పనివ్వడం లేదు.

"అవ్వదులేమ్మా," అన్నాడు పెద్ద మేస్త్రి. "పాత బండి. వదిలెయ్. వాళ్ళు బస్సులో వెళ్తారు."

"బస్సులో ఇన్ని సామాన్లెలా నాన్నా? మధ్యాహ్నానికల్లా బయల్దేరాలి. రేపు ఉద్యోగంలో చేరాలి," అంది చెల్లెలు.

రెండు వందల కిలోమీటర్లు. దారిలో సగం రిజర్వాయరు గట్టు మీద. ఈ కారులో ఏసీ ఎప్పుడో పోయింది. నిన్న రైల్వే గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఆగితేనే ఉడత వాడిపోయి వెనక సీట్లో ఒరిగిపోయింది. గట్టు మీద టైరు జారి కారు నీళ్ళలో పడితే? అద్దాలు దిగవు. నీటి బరువుకి తలుపులు రావు. ఎలక్ట్రీషియను ఆ పైన ఊహించలేక కళ్ళు గట్టిగా మూసుకుంది.

చెల్లెల్ని చెయ్యి పట్టుకుని కారు అవతలికి లాక్కెళ్ళింది. "అరవకు. వైర్లు ఎవరో కోశారు. నాలుగు తలుపుల్లోనూ."

చెల్లెలు ఒక్కసారి పిల్ల వైపు చూసింది. "ఆయనే," అంది.

'ఆయన' అంటే చెల్లెలి మొగుడు. మూడు నెలల కిందట గొడవపడి విడిపోయాడు. చెల్లెలు ఫోను తీసి మెసేజి చూపించింది. అందులో ఒకటే ముక్క: 'ఆ కారులో నువ్వెంత దూరం పోతావో నేనూ చూస్తా.'

"ఎప్పుడు పంపాడు?"

"పోయిన ఆదివారం. మనిద్దరం ఉద్యోగం వచ్చిన ఊళ్ళో ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు. నేను అక్కడే ఉండిపోయి నిన్న పొద్దున్నేగా వచ్చింది. అక్కా, ఆ వేళ ఇంట్లో నాన్నా, ఉడతా తప్ప ఎవరూ లేరు. నాన్న మధ్యాహ్నం పడుకునుంటాడు. కారు షెడ్డులో ఉంది. వచ్చి ఎంతసేపైనా..."

సరిగ్గా అప్పుడే బయట మోటారుసైకిలు వచ్చి ఆగింది. చెల్లెలు పరిగెత్తి వెళ్ళి పిల్లకి అడ్డంగా నిలబడింది. ఎలక్ట్రీషియను చేతికి అందిన స్పానరు పట్టుకుంది. మోటారుసైకిలు మీది మనిషి హెల్మెట్ తీసి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎలక్ట్రీషియను షట్టరు సగం దించింది. షెడ్డులో చీకటి, ఉక్క. ఇక ఆగలేక మరిదికి ఫోను చేసింది.

"ఏమయ్యా, ఆదివారం మా షెడ్డుకి వచ్చావా?"

"నేనెందుకొస్తాను వదినా? మీ చేతిలో ఎప్పుడూ ఏదో ఇనుప ముక్క ఉంటుంది."

"వేళాకోళాలొద్దు. కారు తలుపులు విప్పి వైర్లు కోసింది నువ్వేనా?"

"నేనా? తలుపులు విప్పి? వదినా, ఇంట్లో బల్బు పోతే మార్చడానికి మిమ్మల్ని పిలిచినవాణ్ణి. మీరే కదా నలుగురిలో నా పరువు తీశారు!"

"మరి ఆ మెసేజి?"

"అది డొక్కు కారని, ఊరు దాటకుండానే ఆగిపోతుందని అలా పెట్టాను. కోపంలో... వదినా, నా కూతురు బాగుందా? ఏమైంది? చెప్పండి!"

ఆ గొంతులో కంగారు నటన కాదు. ఎలక్ట్రీషియను ఫోను పెట్టేసింది. నిజమే. ఆ మనిషి చేత్తో కోస్తే తలుపు అట్ట నాలుగు ముక్కలయ్యేది. ఇక్కడ ఒక్క క్లిప్పు విరగలేదు. ఎవరో తీరుబడిగా, పనొచ్చిన చేతులతో చేశారు. టేపు కూడా ఎందుకు చుట్టారు? కోసిన వైరు తలుపు రేకుకి తగిలితే షార్టవుతుంది, నిప్పు అంటుకుంటుంది. చంపాలని వచ్చినవాడికి కారు కాలిపోకూడదన్న బెంగ ఎందుకు?

ఆమె డ్రైవరు తలుపు దగ్గర కూర్చుని ఒక కొసకున్న టేపు నెమ్మదిగా విప్పింది. లోపల వైరు వెనక్కి మడిచి ఉంది. మడత మీద తెల్ల దారం. మూడు చుట్లు, ఒక ముడి.

ఆ దారాన్ని వేలి గోటితో తడిమి చూసింది.

ఆ ముడి తనది. తన చేతులు రోజూ వేసే ముడి. ఎండకి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది, దారం ఊడదు, అందుకే లోపల దారం కట్టాలి. ఈ వీధిలో ఇంకే ఎలక్ట్రీషియనూ అంత ఓపిక పడడు. ఇలా కట్టేవాళ్ళు ఇద్దరే. ఒకరు తను. తను కొయ్యలేదు.

మెల్లగా తల తిప్పింది. ముక్కాలిపీట మీద పెద్ద మేస్త్రి ఆమెనే చూస్తున్నాడు. ఆయన వేళ్ళ మధ్య స్క్రూలు టకటకమంటున్నాయి. మనవరాలి మఫ్లరు మీద ఇంకో చెయ్యి అడ్డంగా ఉంది.

వారం నుంచీ జరిగినవన్నీ ఆమెకి వరసగా గుర్తొచ్చాయి. ఆదివారం రాత్రి తను తిరిగొచ్చేసరికే పిల్ల గొంతు పోయింది. అంతకు ముందు దగ్గు లేదు, జ్వరం లేదు. బ్యాటరీ వీకయింది, కారు తియ్యొద్దు అంటూ వచ్చాడు నాన్న. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. పిల్ల స్నానం కూడా తనే చేయిస్తానంటున్నాడు.

"ఉడతా, ఇలా రా అమ్మా," అంది.

"పెద్దమ్మా, తాతయ్య విప్పద్దన్నాడు." గాలి తప్ప గొంతు లేదు ఆ మాటలో.

"నేను చూసి మళ్ళీ చుట్టేస్తానుగా."

ఒక్కో చుట్టూ తీసింది. గడ్డం కింద, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, పసుపుకి తిరుగుతున్న నీలం గీత. అంత తిన్నటి గీత తాడు వెయ్యదు, చెయ్యి వెయ్యదు. అద్దం అంచు వేస్తుంది.

చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల మింగబోయి మొహం చిట్లించింది. "చెప్పనన్నాను పెద్దమ్మా. చెప్తే తాతయ్య ఏడుస్తాడు."

"నాన్నా," అంది ఎలక్ట్రీషియను. స్పానరు ఇంకా చేతిలోనే ఉందని చూసుకుని కింద పెట్టింది. "పిల్ల గొంతు లోపల ఏమైందో మనకి తెలీదు. జలుబు మందు పోస్తున్నాం వారం నుంచీ. నువ్వు చెప్తేనే డాక్టరుకి తెలిసేది. చెప్పు."

పెద్ద మేస్త్రి చేతిలోంచి స్క్రూలు జారి నేలంతా దొర్లాయి.

"నేనే కోశాను. ఆదివారం వెనక అద్దం బాగుచేద్దామనుకున్నాను. ఏడాది నుంచీ నత్తలా పాకుతోందిగా. గాడి శుభ్రం చేశాను, గ్రీజు పెట్టాను, స్విచ్చు కాంటాక్టులు గీకాను. ముందు సీట్లో కూర్చుని కిందికి నొక్కితే చక్కగా దిగింది. మళ్ళీ పైకి నొక్కాను. వెనక్కి చూడలేదు. స్విచ్చునే చూస్తున్నాను. మీకు వందసార్లు చెప్పుంటాను, అద్దం ఎత్తేటప్పుడు అద్దాన్ని చూడమని. నేనే చూడలేదు. ఇది వెనక సీటు మీద మోకాళ్ళేసి తల బయట పెట్టింది. మోటారు మూలిగింది. గ్రీజు చాలలేదేమో అనుకున్నాను తల్లీ. అనుకుని ఇంకా గట్టిగా నొక్కాను. కాళ్ళు సీటుకేసి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించాక వెనక్కి తిరిగాను. ఆ రాత్రంతా అదే చప్పుడు. మర్నాడు నువ్వు బయట పనికి వెళ్ళినప్పుడు నాలుగూ విప్పాను. ఫ్యూజు పీకితే నువ్వు రెండు నిమిషాల్లో పెట్టేస్తావు. అందుకే కోశాను. ఇది పెద్దదయ్యాక మళ్ళీ కలుపుకోవచ్చని కొసలు కట్టి ఉంచాను. కారు మూసుకుపోతే లోపల ఊపిరాడదని నాకు తట్టనేలేదు, అద్దం కదలకుండా ఉంటే చాలనుకున్నాను. సిగ్గు, భయం. మీరు దీన్ని నా దగ్గర ఇంకెప్పుడూ వదలరని భయం. వదలొద్దు. పదండి, డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. అన్నీ నేనే చెప్తాను. అద్దం దీని మెడ మీద ఎంతసేపు ఉందో నాకొక్కడికే తెలుసు."